సవరణ: పెద్ద టైర్లు, స్పీడోమీటర్ లెక్క

మొన్న టైర్ల గురించి రాసినప్పుడు ఒక మాట తిరగేసి రాశాను. 185/65 ఆర్15 టైర్లు (వెడల్పు మిల్లీమీటర్లలో / పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, ఆర్ తర్వాత రిమ్ము ఇంచుల్లో) తీసి 195/60 ఆర్16 వేస్తే స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తుందన్నాను. తప్పు, తక్కువ చూపిస్తుంది. టైరు ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్ల నుంచి 640కి, అంటే 3 శాతం పెరుగుతుంది. ఒక్కో చుట్టుకు కారు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం చుట్లనే లెక్కేస్తుంది. పాత టైర్లతో 103 ఉండాల్సిన చోట ముల్లు 100 దగ్గరే ఆగుతుంది. అనంతపురం నుంచి కర్నూలు దాకా సుమారు 150 కిలోమీటర్లలో మీటరు నాలుగు కిలోమీటర్లకు పైగా మింగేస్తుంది. అలా కిలోమీటర్లు తక్కువ కనిపిస్తే మైలేజీ పడిపోయిందని నేను మెకానిక్ మీద ఎగిరాను, పాపం!

16 ఇంచుల రిమ్మే కావాలంటే 195/55 చూడండి, ఎత్తు ఇంచుమించు పాతదే. నా కారుకైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా ఈ 195/60 టైరు లోపలి ప్లాస్టిక్‌కు బర్రుమని రాసుకుంటోంది. అక్కడ ఇప్పటికే వేలెడు గీత పడింది.