వచ్చే సీజన్ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ వచ్చే సీజన్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, అంటే ఐపీఎల్ పట్టికలో అడుగు నుంచి రెండో స్థానంలో ఉన్నాం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీరింకా ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు కదా.

మా జట్టు పేరు ఇక్కడ రాయను. రాస్తే అందరూ పరామర్శకు బయల్దేరతారు. మీతో నాకు పరిచయం చేయించింది మా నాన్న. టోర్నీ సగానికి రాకముందే టీవీ కట్టేసి, "వచ్చే సీజన్ చూద్దాంలే" అనేవారు. ఆయన నుంచి నాకు సంక్రమించిన ఆస్తి మీరే. దాన్నిప్పుడు మా అమ్మాయికి రాసిచ్చాను. ఈ ఆస్తికి రిజిస్ట్రేషన్ ఉండదు, పిల్లకు ఊహ తెలియకముందే ఓ జెర్సీ తొడిగితే చాలు. సంతకం కూడా అక్కర్లేదు.

ఆ జెర్సీ గురించి కాస్త చెప్పాలి. ఎదిగే పిల్ల కదా, మీరొచ్చే వేళకు సరిగ్గా సరిపోతుందని ఒక సైజు పెద్దదే కొన్నాం. వెనక తనకిష్టమైన బ్యాట్స్‌మన్ పేరు. మీకంటే ముందు వేలం వచ్చింది, మావాళ్లు ఆయన్ని వదిలేసుకున్నారు. మా దగ్గర ఉన్నన్నాళ్లూ ఆఫ్ స్టంప్‌కి ఆమడ దూరంలో పోయే బంతిని వెతుక్కుంటూ వెళ్లి స్లిప్‌లో క్యాచ్ ఇచ్చిన మహానుభావుడు, కొత్త జట్టులో చేరి మా మీదే సెంచరీ కొట్టాడు. అమ్మాయి ఆ జెర్సీలోనే కూర్చుని చూస్తోంది. చప్పట్లు కొట్టాలా వద్దా అని నా మొహంలోకి చూసింది. వీపు మీద పేరు సంబరపడమంటోంది, ఛాతీ మీద లోగో ఏడవమంటోంది. పిల్లల పెంపకం గురించి సలహాలిచ్చే నిపుణులెవరూ ఈ అధ్యాయం రాసినట్టు లేరు.

చదువు మాటకొస్తే మాత్రం మీ మేలు మరువలేం. దశాంశాలు బడిలో చెప్పకముందే మా పిల్లకు వచ్చేశాయి. నెట్ రన్ రేట్ పుణ్యమే అది, అంటే ఓవరుకు మనం కొట్టిన పరుగుల్లోంచి ఓవరుకు ఎదుటివాళ్లకిచ్చిన పరుగులు తీసేసే లెక్క. ఆలౌటైన జట్టు ఆడిన ఓవర్లతో కాక, మొత్తం ఓవర్లతో భాగించాలని నేర్పడానికి 2017 ఏప్రిల్ 23న బెంగళూరు కోల్‌కతా మీద 9.4 ఓవర్లలో 49కి ఆలౌటైన మ్యాచ్ తీసుకున్నాను. 49ని 20తో భాగిస్తే 2.45. అంతకు నాలుగేళ్ల ముందు సరిగ్గా అదే తేదీన అదే జట్టు 263 కొట్టిందని కూడా చెప్పాను. గణితంలో భాగం కాదుగానీ, జీవితానికి పనికొస్తుందని. రుణ సంఖ్యలకు వేరే ఉదాహరణలు వెతకాల్సిన పని పడలేదు, మా జట్టు వరుస చూస్తే చాలు.

ఆ తర్వాత సమీకరణాలు. మిగిలినవన్నీ మనం గెలవాలి, పైవాళ్లు అన్నీ ఓడాలి, మధ్యలో వాళ్ల మ్యాచ్ వానకు కొట్టుకుపోవాలి. దీన్ని మా పెద్దలు దింపుడు కళ్లం ఆశ అనేవారు. కామెంటేటర్లు "సాంకేతికంగా ఇంకా రేసులోనే ఉన్నారు" అంటారు. గెలిచే జట్ల పిల్లలు ఒక్క మ్యాచ్ చూస్తారు. మా పిల్ల ఎవరెవరివో నాలుగు మ్యాచ్‌లు, వాటితోపాటు వాతావరణ సూచన చూస్తుంది.

ఓసారి ఆశ మరీ ముదురుతోందని మందుగా 1992 ప్రపంచకప్ సెమీఫైనల్ చెప్పాను. దక్షిణాఫ్రికా 13 బంతుల్లో 22 కొట్టాలి. వాన పడింది, ఓవర్లు తగ్గించారు. మళ్లీ మైదానంలోకి వచ్చేసరికి సిడ్నీ స్కోర్‌బోర్డు మీద 1 బంతికి 22 అని ఉంది. ఇక పిల్ల దారికొస్తుందనుకున్నాను. కాసేపు ఆలోచించి, "వాళ్లు వరసగా నోబాల్స్ వేస్తే కొట్టొచ్చుగా నాన్నా?" అంది. మీరు ఆ బుర్రలో కాపురం పెట్టేశారని అప్పుడే తెలిసిపోయింది.

మీ చరిత్ర కూడా కొంచెం తవ్వాను, ఏమీ అనుకోకండి. అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు ఉండేది. 1941, 1947, 1949, 1952, 1953, ఇన్ని వరల్డ్ సిరీస్‌లలోనూ (అంటే అక్కడి ఫైనల్స్) ఒక్క యాంకీస్ జట్టు చేతిలోనే ఓడింది. "వచ్చే ఏడు చూడండి" అన్నది అక్కడి అభిమానులకు ఊతపదమే అయిపోయింది. 1955లో మీరు నిజంగానే వచ్చారు, ఆ యాంకీస్ మీదే గెలిపించారు. 1957 సీజన్ అవగానే ఆ జట్టు మూటాముల్లె సర్దుకుని లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయింది. ఇంతకీ ఇది మీరిచ్చిన వరమా, వడ్డీతో సహా వసూలా?

షికాగో కబ్స్ అనే మరో బేస్‌బాల్ జట్టు అభిమానులనైతే మళ్లీ గెలుపు కోసం 1908 నుంచి 2016 దాకా కూర్చోబెట్టారు. గెలిచాక జనం స్టేడియం బయటి ఇటుక గోడ నిండా సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఆ రోజు చూడకుండానే పోయిన అమ్మానాన్నలవి, తాతలవి. ఇది చదివినప్పుడు మీ మీద నాకు మొదటిసారి నిజంగా కోపం వచ్చింది.

మాకు దగ్గరలో ఉన్న ఊరట బెంగళూరు ఒక్కటే. 2009, 2011, 2016, మూడు ఫైనల్స్ ఓడి, ఏటా "ఈ సలా కప్ నమ్దే" (ఈసారి కప్పు మనదే) అంటూనే ఉన్న జట్టు. "చూడమ్మా, వాళ్లూ మనలాంటివాళ్లే" అని చూపించేవాణ్ణి. 2025 జూన్ 3న వాళ్లకు కప్పిచ్చి ఆ మాట కూడా లేకుండా చేశారు. అది వాళ్ల 18వ సీజన్. పైగా మీ న్యాయం చూడండి, ఆ రాత్రి 6 పరుగులతో ఓడిన పంజాబ్ కూడా అప్పటిదాకా ఒక్క కప్పు ఎరగని జట్టే. అక్కడ ఎందరు నాన్నలు మీ పేరు చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చారో! ఒక ఇంట్లోంచి వెళ్లిపోతూ పక్కింటి తలుపు తట్టి మరీ వెళతారన్నమాట.

గెలిచే జట్టుకు మారిపోవచ్చుగా అని తెలిసినవాళ్లు ఉచిత సలహా ఇస్తుంటారు. అడిగాను కూడా. "ఇన్నాళ్లు చూశాక ఇప్పుడు మారితే, మారిన ఏడాదే మనవాళ్లు గెలుస్తారు" అంది మా అమ్మాయి. అచ్చం మా నాన్న మాట. ఆయన ఎప్పుడూ దాని ముందు అనలేదు, ప్రమాణం చేసి చెప్తున్నాను.

కాబట్టి మా విన్నపం చిన్నది. కప్పు అడగట్లేదు. ఏప్రిల్‌లోనే లెక్కల్లోంచి తీసేయకండి, పరీక్షలయ్యేదాకా ఆగండి. ఓడితే చివరి బంతికి ఓడించకండి, ఆ పూట పిల్ల పదకొండు దాటినా పడుకోదు. మొదటి ఆరు ఓవర్ల పవర్‌ప్లేలోనే తేల్చేస్తే హోంవర్క్ అయినా అవుతుంది. వేలంలో ఎవరిని వదిలేయాలన్నా మా ఇంట్లో ఎవరి జెర్సీ ఉందో ఒకసారి కనుక్కోండి.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూసే
వంశపారంపర్య విధేయుడు

తా.క.: మా చిన్నాడు ఇంకా ఏ జట్టుకూ చెందలేదు. వాణ్ణయినా కాస్త గెలిచే జట్టు చూసి చేర్పిద్దామని మా ఆవిడ పట్టుబడుతోంది. "నేనొక్కదాన్నే ఏడవాలా?" అని పెద్దది ఒప్పుకోవట్లేదు. వాడికీ ఓ జెర్సీ కొంటున్నాం. ఈసారి వెనక పేరు లేకుండా.