చికిత్సకు ముందు వారాలు రోగివే

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో రిపోర్టులు కొడుకు చేతికి, నిర్ణయాలు అల్లుడి చేతికి వెళ్లిపోతాయి. జబ్బుపడిన పెద్దాయనకు మాత్రం ‘కాస్త నెమ్ము చేసింది, మందులు వాడితే తగ్గిపోతుంది’ అని చెబుతారు. అది ప్రేమతో చేసే పనే. అయినా, జబ్బు ఎవరిదో ఆ మనిషికే తెలియనివ్వకుండా ఆయన్ను చికిత్సకు సిద్ధం చేయడం తగదని మా అభిప్రాయం. కీమో వార్డు బయట బోర్డు చదివి నిజం తెలుసుకోవడం కంటే, ఇంట్లో అయినవాళ్ల నోట వినడమే ఆయనకు తట్టుకోదగినది. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందుగా ఆయన్నే అడగాలి. ‘డాక్టరు గారు చెప్పేవన్నీ నువ్వే వినరా’ అని ఆయనే అంటే, అది ఆయన తీసుకున్న నిర్ణయం.

స్కాన్‌లో గడ్డ కనిపించిన మర్నాడే చికిత్స మొదలుకాదు. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ, జబ్బు ఎక్కడెక్కడికి పాకిందో చూపే పెట్ సీటీ స్కాన్, చాలామందికి మెదడు ఎమ్మారై, ఆపైన ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే వంటి జన్యు మార్పుల పరీక్షలు, ఇవన్నీ పూర్తయ్యేసరికి వారాలు పడుతుంది. ఈ వ్యవధిలోనే ఇంటిల్లిపాదికీ ఓపిక నశించి, ఎవరో చెప్పిన మరో ఆసుపత్రికి పరుగులు మొదలవుతాయి. ముదిరిన దశలో ఈజీఎఫ్ఆర్ మార్పు ఉందని తేలితే రోజూ వేసుకునే మాత్రలతోనే చికిత్స నడవవచ్చు కాబట్టి, డాక్టరు ఆగమన్నప్పుడు ఆ ఫలితం కోసం ఆగడం కాలయాపన కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనే స్మాల్ సెల్ అనే రకం మాత్రం వేగంగా పెరుగుతుంది, అక్కడ ఆలస్యం పనికిరాదు. అందుకే ఇది ఏ రకం, ఏ దశ అన్నవి మొదట అడగవలసిన ప్రశ్నలు. ముక్క తీస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం మన పల్లెల్లో ఇంకా బలంగానే ఉంది. సూది వెళ్లిన దారిలో కణాలు పాకడం బహు అరుదు, ముక్క తీయనిదే రకం తేలదు. టీబీ అనుకుని ఆ మందులతోనే నెలలు గడిచిపోయిన ఇళ్లు మన మధ్య ఉన్నాయి గనుక, ఈ భయంతో మరికొన్ని వారాలు పోగొట్టుకోకూడదు.

ఇక నిందలు. ‘చుట్ట మానమంటే విన్నాడా’ అనే మాట పరామర్శకు వచ్చిన ప్రతివారి నోటా వినిపిస్తుంది. లంక పొగాకు పండించి బతికిన నేల ఇది; పొగాకు పరిశోధనకు 1947లోనే రాజమహేంద్రవరంలో కేంద్ర సంస్థ వెలసింది; అరుగు మీద చుట్ట ఇక్కడ తరాల తరబడి మర్యాదగా చెల్లింది. ఆ చరిత్ర బరువంతా ఒక్క మనిషి నెత్తిన వేయడం అన్యాయం. జన్మలో పొగ తాగనివారికీ, కట్టెల పొయ్యి దగ్గర వయసు గడిపిన ఆడవారికీ ఈ జబ్బు వస్తోంది. అయితే ఇప్పుడు మానినా మేలే. ఆపరేషన్ తరువాతి ఇబ్బందులు తగ్గుతాయి, రేడియేషన్‌ను శరీరం మెరుగ్గా తట్టుకుంటుంది. ఆ మాట చెప్పే తీరులో దెప్పిపొడుపు లేకుండా చూసుకోవాలి.

పథ్యం పేరుతో గుడ్డు, చేప, పెరుగు మాన్పించడం మరో పొరపాటు. చికిత్సకు ముందు బరువు తగ్గకుండా చూడడం చాలా ముఖ్యం. పసరు మందులు కాలేయాన్ని దెబ్బతీసి అసలు చికిత్సకే అడ్డుపడవచ్చు కనుక, ఇప్పటికే వాడుతుంటే డాక్టరుకు దాచకూడదు. దగ్గులో నెత్తురు పడినా, ముఖం, మెడ ఉబ్బినా, కాళ్లు పట్టుతప్పినా, ఫిట్స్ వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అమలాపురం నుంచో నరసాపురం నుంచో బయలుదేరి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి చేరాక, బయాప్సీ బ్లాకు ఊళ్లోని ల్యాబులోనే ఉండిపోయిందని గుర్తొస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మైనంలో భద్రపరిచిన ఆ చిన్న దిమ్మ, గాజు స్లైడ్లు, స్కాన్ సీడీ, ఆధార్, రేషన్ కార్డు ఒకే సంచిలో ఉండాలి. ప్రతిసారీ ఒకే మనిషి వెంట వెళ్లి, డాక్టరు చెప్పినది అక్కడే నోటుబుక్కులో రాసుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ఏ పరీక్ష వస్తుందో, దేనికి చేతి డబ్బు పడుతుందో ముందే అడిగి తెలుసుకుంటే అప్పు కోసం తొందరపడే అవసరం తగ్గుతుంది.

నొప్పిని, ఆయాసాన్ని తగ్గించే ఉపశమన వైద్యం ఆఖరి రోజులకే అనుకోవడం సరికాదు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు దాన్ని మొదటినుంచే అందిస్తే జీవన నాణ్యతతో పాటు ఆయుష్షు కూడా మెరుగుపడిందని 2010లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. ఇన్ని సంగతులను కుటుంబాలు తమంతట తామే కనిపెట్టుకోవాలనడం న్యాయం కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ, క్యాన్సర్ అని తేలిన రోజునే రోగిని, కుటుంబాన్ని కూర్చోబెట్టి తరువాతి పరీక్షలు, ఖర్చులు, వెళ్లవలసిన చోటు తెలుగులో వివరించే ఒక ఉద్యోగిని వైద్య ఆరోగ్య శాఖ నియమించాలి. ఆ ఉద్యోగి పేరు, ఫోన్ నంబరు ఓపీ గోడ మీద అందరికీ కనబడేలా రాయించాలి.