‘సేకరణ’ గారికి చోడి అంబలి

తెలుగులో ఇవాళ అందరికంటే ఎక్కువ రాస్తున్న రచయిత ఎవరంటే తడుముకోనక్కర్లేదు. సేకరణ గారు. కథ, కవిత, అమ్మ మీద గేయం, కార్తిక మాస మహిమ, షుగరుకు కాకరకాయ రసం... ఆయన చెయ్యి పెట్టని ప్రక్రియ లేదు. ఏ వాట్సాప్ సందేశం అడుగుకి వెళ్ళి చూసినా ఆయన సంతకమే. ఊరేదో తెలీదు, ఫొటో లేదు, ఇంత రాసినా ఒక్క శాలువా కప్పించుకున్న పాపాన పోలేదు. అంతటి నిగర్వి.

విమర్శరంగంలో ఆయనకు జోడీ అద్భుతం గారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి విజయనగరం గంటస్తంభం దాకా ఎన్ని సాహిత్య గ్రూపులున్నాయో అన్నింట్లోనూ సభ్యులు. రాత్రి 9:40కి గ్రూపులో పన్నెండు పేజీల కథ పడుతుంది. 9:41కి ‘అద్భుతం మాస్టారూ’ అని వస్తుంది. వెనకాలే చప్పట్ల బొమ్మలు మూడు, దండం ఒకటి, గులాబీ ఒకటి. 9:43కి ఇంకొకరు ‘కళ్ళు చెమర్చాయి’ అంటారు. అది పిల్లి మీద రాసిన హాస్య కథ.

తోటి రచయితను ప్రోత్సహించాలన్న తపనకి మన రెండు జిల్లాల్లో లోటేమీ లేదు. లోటల్లా చదివే ఓపికకే. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందని ఆరా తీస్తే వ్యవహారం సాహిత్యం దాటి వంటింట్లోకి పోతుంది. మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు, అంటే ఒంటి బరువులో 2 శాతం. ఊరికే కూర్చున్నా సరే, ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో 20 శాతం దాకా అదే లాగేసుకుంటుంది. ఇంతటి తిండిపోతుకి రాత్రి 9:40 వేళ మనం పెట్టేదేమిటి? సాయంత్రం మిగిలిన మిరపకాయ బజ్జీ, రోజులో అయిదో టీ. ఆ ఇంధనంతో అది ‘అద్భుతం’ దాకానే వెళ్ళగలదు. అందులో ‘ద’ కింద ‘భ’ ఒత్తు సరిగ్గా పడిందంటే అదే గొప్ప.

కాబట్టి సంస్కరణ తిండి దగ్గర మొదలవ్వాలి, అదీ సాహిత్య సభ నుంచే. మన సభల వంటకం ఎన్నేళ్ళైనా మారదు. పొద్దున్న కేసరి, ఉప్మా. మధ్యాహ్నం పులిహోర, బూరెలు, గుట్టగా తెల్లన్నం. రెండింటికి పుస్తక సమీక్ష. ఆ వేళకి మగత రావడం మనిషి ఒంటి గడియారంలోనే ఉంది, తిన్నా తినకపోయినా కొంత వస్తుంది. అన్నం గుట్ట దాన్ని ఇంకాస్త పెంచుతుంది. సమీక్షకుడు పుస్తకం తెరవలేదన్న సంగతి ముందు వరుసకి తెలియకుండా గడిచిపోతున్నది ఈ ఏర్పాటు పుణ్యమే. ఇన్నాళ్ళూ దాన్ని ఆతిథ్యం అనుకున్నాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 2000 కేలరీలు కావలసిన మనిషికి వేసిన లెక్కలో ధాన్యం 250 గ్రాములైతే ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు. మన విస్తరిలో కూరగాయ అంటే పులిహోరలో కరివేపాకు. అది కూడా ఏరి పక్కన పెడతాం.

మందు ఇంట్లోనే ఉంది. చోళ్ళు. వాటినే రాగులంటే కొట్లో ధర పెరుగుతుంది, మిల్లెట్ మాల్ట్ అని డబ్బాలో పోస్తే ఇంకా పెరుగుతుంది, గింజ అదే. వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాములకి అటూ ఇటూగా కాల్షియం, పొట్టుతో సహా తింటాం కనక పీచు. ఇద్దరికి నాలుగు పెద్ద చెంచాల చోడిపిండి, అంటే 40 గ్రాములు, ముందు రాత్రే గ్లాసుడు చన్నీళ్ళలో కలిపి మూత ఓరగా పెట్టి వదిలేయాలి. తెల్లారేసరికి పుల్లటి వాసన వస్తుంది. కంగారుపడి పారబోయకూడదు. గింజలో ఇనుముని పట్టి ఉంచే ఫైటేట్లు ఆ పులుపులో కొంత విడిపోతాయి. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్ళలో గుప్పెడు బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, సెగ తగ్గించి, పులిసిన పిండిని సన్నగా ధార పోస్తూ తెడ్డు ఆపకుండా తిప్పాలి. పది నిమిషాలకి పచ్చివాసన పోయి రంగు ముదురుతుంది.

చెడగొట్టుకునే దారులు రెండు. పొడి పిండిని మరిగే నీళ్ళలో గుమ్మరిస్తే పైపొర ఉడికి గట్టిపడుతుంది, లోపల పిండి పొడిగానే ఉండిపోతుంది, ఇక ఎంత చిదిమినా ఉండలు ఉండలే. రెండోది, పొగలు కక్కుతుండగా మజ్జిగ పోయడం; విరిగిపోతుంది. గోరువెచ్చన అయ్యాకే మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. ఇది తాగినవాడు కథ పన్నెండో పేజీ దాకా చేరతాడని హామీ ఇవ్వలేం. రెండో పేజీలో లేచి ఫ్రిజ్ తలుపు తీయడని మాత్రం చెప్పగలం.

సేకరణ గారి ఆహార ప్రబోధాల్లో బాగా తిరిగేది ఒకటుంది: అక్రోటు మెదడు ఆకారంలో ఉంది కనక మెదడుకి మంచిది. ఆకారమే వైద్యమైతే జీడిపప్పు అచ్చం కిడ్నీలా ఉంటుంది. పలాస చుట్టూ ఎటు చూసినా జీడితోటలే. ఆ తోటల నడుమ ఉన్న ఉద్దానంలోనే కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి ఊళ్ళకి ఊళ్ళని పట్టి పీడిస్తోంది. ఆకారశాస్త్రాన్ని అక్కడికి తీసుకెళ్ళి చెప్పే ధైర్యం ఉంటే చెప్పండి. అక్రోటులో నిజంగా ఉన్నది ఏఎల్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు. అదే అవిసె గింజల్లోనూ ఉంది, చవగ్గా. దోరగా వేయించి పొడి కొట్టి రోజూ చెంచాడు అన్నంలో కలుపుకోవచ్చు. గింజ గింజగా మింగితే వచ్చిన దారినే చాలావరకు అలాగే పోతుంది. పొడి కూడా వారానికి సరిపడా మాత్రమే కొట్టుకోవాలి, నిలవుంటే నూనె చెడి చేదెక్కుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఈ గింజలూ ఆకుకూరలూ చోళ్ళూ ఏవీ డాక్టరుని అడక్కుండా పెంచకూడదు. పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క వాళ్ళకి వేరు. ఈ ఒక్క వాక్యంలో వ్యంగ్యం లేదు.

ఆ ఏఎల్‌ఏని మెదడుకి కావలసిన డీహెచ్‌ఏ అనే మరో ఒమేగా-3గా మన ఒళ్ళు మార్చుకోగలిగేది బహు కొద్ది. మన వంటింట్లో నేరుగా కావాలంటే ముఖ్యంగా చేపే గతి. సముద్రం నుంచి వచ్చే కవళ్ళలో (సార్డిన్ చేపలు) అది దండిగా ఉంది. చవక కావడం వల్ల కవళ్ళకి సాహితీపరుల ఇళ్ళలో మర్యాద తక్కువ. చుట్టాలొస్తే వంజరం, ఎవరూ చూడనప్పుడు కవళ్ళు. మెదడుకి ఆ పట్టింపు లేదు. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు. వేపుడైతే చేప నూనె కొంత మూకుట్లోకి దిగుతుంది, మూకుట్లో నూనె చేపలోకి ఎక్కుతుంది. పులుసులోకి దిగినది అన్నంలో కలిసి మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. చింతపండు పులుసు బాగా మరిగాక చివర్లో చేపలు వేసి పది నిమిషాలు ఉంచాలి. గరిట పెట్టకూడదు, దాక అంచులు పట్టుకుని కుదపాలి. లేకపోతే చేప చితికి ముళ్ళ పులుసు మిగులుతుంది.

శాకాహార కవులకి వేరే చిక్కు. బి12 మొక్కల నుంచి రాదు, పాలూ పెరుగూ పుచ్చుకోవాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి మింగేవాళ్ళలో అది ఇంకా తగ్గవచ్చు. తగ్గితే అరికాళ్ళ తిమ్మిర్లు, మతిమరుపు. పోయిన వారం పొగిడిన కవితనే ఈ వారం కొత్తగా మళ్ళీ పొగుడుతుంటే దాన్ని సహృదయత అనుకోకుండా ఒకసారి రక్తం పరీక్ష చేయించాలి, థైరాయిడ్‌తో కలిపి. ములగాకు వేపుడు మీద నిమ్మకాయ పిండితే అందులో ఇనుము బాగా పడుతుంది, అన్నం మీదనే టీ తాగితే అంతగా పట్టదు, గంట ఆగాలి. కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, అంటే సాయంత్రం ఆరింటి టీ రాత్రి పదకొండింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. అర్ధరాత్రి లేచి లైకులు లెక్కపెట్టే శక్తి అక్కడిదే.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. మెదడు కోసమని అమెరికాలో ‘మైండ్’ అనే ఆహార పద్ధతి తయారుచేసి 2015లో బయటపెట్టారు: ఆకుకూరలు వారానికి ఆరుసార్లు, గింజలు అయిదుసార్లు, చేప ఒక్కసారైనా, మిఠాయిలూ వేపుళ్ళూ తక్కువ. అలా తినేవాళ్ళని గమనిస్తే మతిమరుపు తక్కువగానే కనిపించింది. తీరా 604 మందిని రెండు జట్లు చేసి, రెండు జట్లకీ తిండి కాస్త తగ్గించి, ఒక జట్టుకే ఆ పద్ధతి పెట్టి మూడేళ్ళు చూస్తే 2023లో వచ్చిన ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంబలి తాగితే సమీక్ష దానంతటదే రాదన్నమాట. చదవడం అనే పని ఇంకా మిగిలే ఉంటుంది.

ఆ పని ఎందుకంటే, ఉదాహరణ విజయనగరంలోనే ఉంది. గురజాడ తన నాటకాన్ని 1897లో అచ్చువేశారు. తరవాత దాన్ని తిరగరాసి, బాగా పెంచి, 1909లో మళ్ళీ వేశారు. ఇవాళ మనం నెత్తిన పెట్టుకునేది ఆ రెండోదాన్నే. 1897లోనే ఆయన్ని ఏ గ్రూపులోనో చేర్చి ఉంటే ‘అద్భుతం అప్పారావు గారూ’, చప్పట్లు మూడు, దండం, గులాబీ. ఇక పన్నెండేళ్ళ తరవాత మళ్ళీ కలం పట్టవలసిన ఖర్మ ఆయనకేమిటి? రెండో కూర్పు బదులు ఏటేటా అదే తేదీన ఫేస్‌బుక్ జ్ఞాపకం ఒకటి వచ్చేది.

అద్భుతం గారి శిక్షణ ఇలా ఉండాలి. కథ పడగానే ఏమీ అనకూడదు. ‘చదివి చెప్తాను’ అని కూడా అనకూడదు, అది తీరని బాకీ. ఫోను మోత ఆపి అరగంట కూర్చోవాలి. చదువుతుంటే మనసు ఎక్కడ జారి కరెంటు బిల్లు మీదికి పోయిందో ఆ పేరా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకు జారిందో చెప్పనక్కర్లేదు, ఎక్కడో చెబితే చాలు, ఎందుకో రాసినవాళ్ళకి తెలుస్తుంది. నచ్చిన వాక్యం ఒకటి ఉన్నదున్నట్టు ఎత్తి నలుగురిలో రాయాలి, జారిన చోటు విడిగా రచయితకి చెప్పాలి. మనలో తప్పు నలుగురిలోనూ మెప్పు చాటునా చెప్పే ఆచారం ఒకటుంది, దాన్ని తిరగేయడమే. రాత్రికి ఫోన్ వస్తుంది. ‘అయితే ఏటంటారు మాస్టారూ, కథ బాగోలేదంటారా?’ ‘అయిదో పేజీలో పెళ్ళివారొచ్చారు మాస్టారూ, ఏడో పేజీలో లేరు. ఎప్పుడెళ్ళారు?’ అవతల కాసేపు చప్పుడుండదు. కథ బాగుపడేది ఆ కాసేపట్లోనే, మధ్యలో దూరి సర్దిచెప్పకూడదు.

చదవనివాళ్ళని పట్టుకునే సాధనం మన డీటీపీ సెంటర్లలోనే ఉంది. అను ఫాంటులో టైపు చేసిన కథని అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చకుండా గ్రూపులో అతికిస్తే తెలుగు ముక్క ఒక్కటీ ఉండదు, ఇంగ్లీషు అక్షరాలూ అడ్డదిడ్డం గుర్తులూ కలిసిన ముద్ద పడుతుంది. ఆ ముద్ద కింద ‘మనసుని కదిలించారు’ అన్నవారి పేరు రాసిపెట్టుకోవాలి. కథ మార్చుకున్నాక కూడా ఒత్తులు కంటితో సరిచూసుకోవాలి, మారేటప్పుడు ముందు చెడేవి అవే. కవితని ఫొటోగా పెడితే కింద అక్షరాల్లో కూడా పెట్టాలి. చూపులేనివాళ్ళ ఫోను ఫొటోలో అక్షరాల్ని అన్నిసార్లూ సరిగ్గా చదివి వినిపించలేదు.

సేకరణ గారి విషయంలో చట్టం కాస్త మొరటుగా ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికున్నన్నాళ్ళూ, పోయాక మరో 60 ఏళ్ళూ. హక్కులు అమ్ముకున్నాక కూడా ఇది నేను రాసిందని చెప్పుకునే హక్కుని 57వ సెక్షన్ రాసినవాళ్ళకే ఉంచింది. పేరులేని కవిత చేతికొస్తే మొదటి పాదాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి. దొరికితే పేరు, పత్రిక, తేదీ చేర్చి పంపాలి. దొరక్కపోతే పంపకుండా ఉండాలి, ఇదే అందరికీ కష్టమయ్యేది. తోటివాళ్ళ కథలు పోకూడదని కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. ఎవరి కథ ఏ పత్రికలో ఎప్పుడొచ్చిందో పాత సంచికలు వెతికి దాచే చోటు అది. అదే ఊళ్ళో ఒకరు కూర్చుని ఆ పేర్లని బొటనవేలితో చెరిపి కింద ‘సేకరణ’ అని రాస్తుంటారు. రెండింటినీ సాహిత్య సేవ అనే అంటున్నాం. పుస్తకం వేసినవాళ్ళని ‘పీడీఎఫ్ ఉందా సార్?’ అని అడగడం మూడో రకం సేవ.

తదుపరి సభకి ఈ ఏర్పాటు చేసి చూడవచ్చు. శాలువాల డబ్బు పెట్టి ఆవిష్కరించే పుస్తకమే కొని పది రోజుల ముందు పంచడం, కేసరి మానేసి అంబలి కాయడం, సమీక్ష పొద్దున్న పదింటికే పెట్టడం. అంబలి ఎంతమందికి కాయాలన్నదే తేలాలి. దానికి ఆహ్వానం గ్రూపులో పెట్టేటప్పుడు తేదీ, టైము, ముఖ్య అతిథి పేరు అన్నీ వేసి, సభ ఎక్కడో మాత్రం వేయకుండా వదిలేయాలి. ‘అద్భుతం మాస్టారూ, తప్పక వస్తాం’ అన్నవాళ్ళని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ‘ఎక్కడండీ?’ అని ఎంతమంది అడిగారో చూసుకుని, ఇద్దరికి నాలుగు చెంచాల చొప్పున పిండి నానబెట్టుకుంటే సరిపోతుంది.