విశాఖకు ముందు వంద కుర్చీలు వేయండి

ప్రభుత్వాలు మారినా విశాఖను సినిమా రాజధాని చేస్తామన్న మాట మారదు. ఇండస్ట్రీ పెద్దలొస్తారు, శాలువాలు కప్పించుకుంటారు, రాయితీలూ భూములూ అడుగుతారు, సాయంత్రం ఫ్లైటుకు వెళ్లిపోతారు. భీమిలి రోడ్డులో సినిమా కోసమని ఇచ్చిన రామానాయుడు స్టూడియో భూముల కథ ఎటు తిరిగిందో ఇక్కడి ఆటోవాళ్లకీ తెలుసు, మళ్లీ చెప్పను.

షూటింగులతో ఊరు సినిమా ఊరైపోయేదుంటే, 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’ వచ్చినప్పుడే మనది అయిపోవాలి. ఆ తర్వాత ఈ తీరంలో ఎన్ని డ్యూయెట్లు తీశారో లెక్కలేదు. మనకు మిగిలిందల్లా చుట్టాలొస్తే ‘ఇదిగో, ఇక్కడే తీశారు’ అని చూపించుకోవడం.

ఉపాధి మాటేమిటంటారు. నిజమే, లాడ్జీలు నిండుతాయి, కార్లు తిరుగుతాయి, భోజనాల కాంట్రాక్టు ఎవరికో దొరుకుతుంది. కానీ కెమెరా పట్టేవాడు, ఎడిటింగ్ చేసేవాడు హైదరాబాద్ నుంచి వచ్చి హైదరాబాద్‌కే పోతున్నంత కాలం మనది విడిది ఇల్లే. పెళ్లి ఇంకెవరిదో.

కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, మిత్రులు కలిసి ఫిల్మ్ సొసైటీ, అంటే కలిసి సినిమాలు చూసి చర్చించుకునే సంఘం, పెట్టింది 1947లో. రాయ్ మొదటి సినిమా విడుదలైంది 1955లో. ఎనిమిదేళ్లు! తిరువనంతపురంలో మలయాళ దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్, స్నేహితులు చిత్రలేఖ సొసైటీ మొదలెట్టింది 1965లో. ఆయన మొదటి ఫీచర్ సినిమా 1972లో వచ్చింది. అక్కడా ఏడేళ్లు. ముందు దేశదేశాల సినిమాలు చూశారు, చూసి వాదించుకున్నారు, ఆ తర్వాతే తీశారు. ఇవాళ డిసెంబరొస్తే తిరువనంతపురం చలనచిత్రోత్సవంలో కాలేజీ పిల్లలు ఇరానీ సినిమాకి పొద్దున్నే క్యూ కడతారు. మన దగ్గర క్యూ బెనిఫిట్ షోకే.

కలకత్తా, కేరళ సంగతి వేరంటారా? అయితే దక్షిణ కొరియాలో బుసాన్ చూడండి. మనలాగే ఓడరేవు, మనలాగే బీచ్, సినిమా పెత్తనం మాత్రం సియోల్‌ది. అక్కడ చలనచిత్రోత్సవం 1996లో మొదలైంది. దానికి సొంత భవనం లేచింది 2011లో. మధ్యలో పదిహేనేళ్లు మామూలు థియేటర్లలో, ఆరుబయట తెరల మీద నడిపారు. 2013లో అక్కడి ప్రభుత్వ సినిమా సంస్థ కొరియా ఫిల్మ్ కౌన్సిల్ సియోల్ వదిలి బుసాన్‌కొచ్చింది. మనమైతే ముందు భవనం కట్టి, రిబ్బన్ కత్తిరించి, ప్రేక్షకుణ్ణి మర్చిపోతాం.

నిజానికి మనకేం తక్కువ? సినిమా హాలు పేరే సెంటర్‌కి పెట్టుకున్న ఊరిది. జగదాంబ అంటే చాలు, సిటీ బస్సు ఆగుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం ఉంది, కళాభారతి ఆడిటోరియం ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. మనుషులా? శ్రీశ్రీ ఇక్కడే పుట్టాడు, ఆరుద్ర ఇక్కడే పుట్టాడు. సినిమా పాట రాయడానికి ఇద్దరూ మద్రాసు పోవాల్సొచ్చింది. ఉత్తరాంధ్ర కూలీ ఎక్కే రైలే కవీ ఎక్కాడు.

వలస పోయేది మనుషులతో ఆగదు, మాట కూడా పోతుంది. ఈ ఊరి కోర్టుల్లో విన్న మాటని రావిశాస్త్రి కథల్లోకి ఎక్కించాడు, తెలుగు పాఠకుడు తల ఒంచి చదివాడు. అదే మాట సినిమాకెక్కితే ఎవరి నోట వినిపిస్తుంది? ఎక్కువగా వాచ్‌మన్ నోట, పనిమనిషి నోట, కమెడియన్ నోట. హీరో పుట్టింది శ్రీకాకుళమే అయినా అతని నోట కృష్ణా జిల్లా తెలుగే. రచయితని ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. ఇదేమిటని హాల్లోంచి లేచి అడిగే ప్రేక్షకుణ్ణి మనం తయారు చేసుకోలేదు. వాడు తయారైతే తీసేవాడు వాడిలోంచే వస్తాడు. మన జాలరిపేటల్లో, ఏజెన్సీ సంతల్లో కథలకు కరువా?

అందుకే ఎకరాలు అడగను. నెలకు రెండు ఆదివారాలు ఒక హాలు, మంచి ప్రొజెక్టరు, చదివింది తక్కువైనా చూసింది ఎక్కువైన ఒక మనిషి, వంద కుర్చీలు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ ఒక పార్కులో బొమ్మలకు పెట్టే డబ్బుతో ఏడాదంతా నడుస్తుంది. సినిమా అయ్యాక అసలు పని మొదలవ్వాలి, మెట్ల మీద, టీ కొట్టు దగ్గర, గొంతులు పెద్దవి చేసుకుని. పది దాటాక వాచ్‌మన్ తాళాల గుత్తి ఊపుతూ వచ్చి, ‘ఏటి బాబూ, ఇంకా ఎల్లరేటి?’ అని గసరాలి.