ఎలుకలో తగ్గిన మచ్చ రోగికి భరోసా కాదు

ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే పల్మనరీ ఫైబ్రోసిస్‌కు ‘సహజ కెరోటినాయిడ్’ (కాయగూరలకు, నాచుకు ఎరుపు, పసుపు రంగులిచ్చే పదార్థం) గుళికలే విరుగుడన్న ప్రచారం సామాజిక మాధ్యమాల్లో హోరెత్తుతుంటే నియంత్రణ వ్యవస్థలు కళ్లప్పగించి చూడటం క్షమించరానిది. ఈ వ్యాధికి వాడే పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మందులు దాని వేగాన్ని తగ్గిస్తాయే తప్ప ఏర్పడిన మచ్చను చెరపలేవు. రోగుల ఆ నిస్సహాయతే ఇప్పుడు కొందరికి వ్యాపారమైంది.

టమాటాలోని లైకోపీన్, కుంకుమపువ్వులోని క్రోసిన్, నాచు నుంచి తీసే అస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్లు ప్రయోగశాల ఎలుకల్లో మచ్చను తగ్గించిన మాట నిజం. ఆ పరిశోధన సాగాలి, దానికి నిధులూ దక్కాలి. అయితే బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించి ఊపిరితిత్తులను దెబ్బతీసిన ఎలుకలో ఆ మచ్చ కాలక్రమంలో చాలావరకు తనంతట తానే తగ్గుతుంది. మనిషిలో అలా తగ్గదు. పైగా చాలా ప్రయోగాల్లో గాయానికి ముందో, గాయంతోపాటో ఈ పదార్థాన్ని ఇస్తారు. రోగి మాత్రం మచ్చ ముదిరాకే వైద్యుడి గడప తొక్కుతాడు.

కాయగూరల్లో ఉండేదే కదా, హాని ఏముంటుందన్నది అమ్మకందారుల వాదన. ఫిన్లాండ్‌లోనూ సరిగ్గా ఇదే నమ్మకంతో 29 వేలమందికి పైగా పొగతాగే పురుషులపై పరీక్ష చేపట్టారు. కెరోటినాయిడ్లలో ఒకటైన బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించిందని 1994లో తేలింది. అమెరికాలో పొగతాగేవారికి, ఆస్బెస్టాస్ కార్మికులకు బీటా కెరోటిన్‌ను విటమిన్ ఎ తో కలిపి ఇచ్చిన పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరగడంతో 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. కెరోటిన్ ఉన్న ఆహారం తిన్నవారిలో క్యాన్సర్ తక్కువన్న పరిశీలనలే ఆ పరీక్షలకు పునాది అన్న సంగతి మరవరాదు. కంచంలో మేలు చేసినట్లు కనిపించినది గుళికగా మారి ప్రాణం తీసింది.

మిగతా కెరోటినాయిడ్లూ అంతే హాని చేస్తాయని మేం అనడం లేదు. చేయవని రుజువు చేయాల్సిన భారం అమ్మేవారిదేనని అంటున్నాం. ఫైబ్రోసిస్ బారిన పడేవారిలో అనేకులు ఏళ్ల తరబడి పొగతాగినవారు, దుమ్ములో పనిచేసినవారు. నాటి పరీక్షల్లో నష్టపోయినదీ అలాంటివారే. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో రాతిదుమ్ము పీల్చే కూలీకి ఏ పరీక్షా లేని గుళికను మందని అంటగట్టడం ఫిన్లాండ్ పొరపాటును తెలిసి తెలిసి తిరగరాయడమే. కెరోటినాయిడ్ల మాదిరే యాంటీఆక్సిడెంట్‌గా, అంటే కణాలకు రక్షణగా, ఎంతో ఆశ పెట్టిన ఎసిటైల్‌సిస్టీన్ అనే మందు సైతం ఇదే వ్యాధిలో ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కాదని 2014లో తేలిపోయింది. ఇన్ని అనుభవాల తరవాతా ‘సహజం’ అన్న ఒక్క ముద్ర చాలునా?

2016 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం ఇలాంటి సీసాలపై ‘ఔషధ వినియోగానికి కాదు’ అని ముద్రించి తీరాలి. సీసా మీద ఆ మాట, ప్రచారంలో మచ్చ మాయమవుతుందన్న హామీ! తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించే చట్టం చేతిలో ఉండగా అధికారులు ఎవరి అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు? మందుల చీటీలో ఈ గుళికల పేరు చేర్చే వైద్యులు, మనుషులపై జరిగిన ఏ పరీక్ష ఆధారంగా రాస్తున్నారో రోగికి చెప్పాలి. చెప్పలేనివారు రాయడం మానుకోవాలి.