‘అడవిపందిని ఎవరైనా కొట్టొచ్చు’ అంటున్న మెసేజ్‌లో ఏది ఎంత నిజం?

తిరుపతి, చిత్తూరు గ్రూపుల్లో తిరుగుతున్న ఆ మెసేజ్ సారం ఇది: అడవిపందిని చట్టంలోంచి తీసేశారు, ఎవరైనా కొట్టొచ్చు. చేనులోకి వస్తే ఆత్మరక్షణే. లైసెన్సు తుపాకి ఉన్న గైడు వెంట ఉంటే శేషాచలం పక్కన రాత్రి క్యాంపు వేసుకోవచ్చు, పంది దొరికితే పంది, దుప్పి దొరికితే దుప్పి. ఉచ్చు, కరెంటు తీగ వేట కిందికి రావు. మాంసం కొన్నవాడి మీద కేసు ఉండదు. అమెరికాలో అయితే లైసెన్సు కూడా అడగరు. కింద ఒక ఫోన్ నంబరు, పంపాల్సిన అడ్వాన్సు.

ఇందులో ప్రతి మాటకూ ఎక్కడో ఒక నిజం తోక ఉంది. ఆ తోక ఏ జంతువుదో చూడకుండా పట్టుకుంటేనే చిక్కు.

“చట్టంలోంచి తీసేశారు”

తీసేయలేదు, చోటు మార్చారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు అడవిపంది మూడో షెడ్యూల్లో, అంటే చట్టం చివర ఉండే జాబితాల్లో మూడోదానిలో ఉండేది. ఇప్పుడు రెండో షెడ్యూల్లో ఉంది, చుక్కల దుప్పి కూడా అందులోనే ఉంది. మూడో షెడ్యూల్లో ఇప్పుడు మొక్కలున్నాయి. పాత చోట పంది పేరు కనబడక ‘పోయింది’ అనుకున్నవాళ్ళు కొత్త జాబితా తెరిచి చూసినట్టు లేదు. కాకి, ఎలుక లాంటివి ఉండే పాత ఐదో షెడ్యూలు మాత్రం నిజంగానే పోయింది. పంది ఎప్పుడూ అందులో లేదు.

రెండో షెడ్యూలు జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా గడువు వరకు చీడ జంతువుగా, అంటే చంపినా నేరం కానిదిగా ప్రకటించే అధికారం 62వ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది. 2015 డిసెంబరులో బీహార్‌లో కొన్ని జిల్లాలకు, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లో కొన్ని జిల్లాలకు అడవిపంది విషయంలో అలా ప్రకటించారు. కేరళ 2022లో వేరే దారి పట్టి, పందిని కాల్చమని ఆదేశించే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. ఈ వార్తల కత్తిరింపులే ఇక్కడ ‘మనకూ వచ్చేసింది’ అని తిరుగుతున్నాయి. మెసేజ్ పంపినవాళ్ళను ఒక్కటే అడగండి: మన జిల్లా పేరు, తేదీ, గడువు ఉన్న నోటిఫికేషన్ ఏది? కేరళ కాగితం పలమనేరులో చెల్లదు.

‘మా తాతకు వేట లైసెన్సు ఉండేది’ అనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. 1972 చట్టం మొదట్లో కొన్ని జంతువులకు వేట లైసెన్సులు ఇచ్చేది. 1991 సవరణ ఆ సెక్షన్లను తీసేసింది. సరదా వేటకు కాగితం ఇచ్చే ఆఫీసు ఆనాటి నుంచి ఈ దేశంలో ఎక్కడా లేదు.

“చేనులోకి వస్తే ఆత్మరక్షణే”

మనిషి ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో జంతువును చంపితే నేరం కాదని 11వ సెక్షన్ చెబుతుంది. అది మనిషి ప్రాణానికి సంబంధించిన మాట, చెనక్కాయ చేనుకు కాదు. పైగా ఆ సమయానికి మీరు ఈ చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉంటే, అంటే పంది కోసం మాటు వేసి కూర్చున్నప్పుడు అది మీద పడితే, ఈ రక్షణ వర్తించదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. అది మీ చేతికి వచ్చిన 48 గంటల్లో దగ్గర్లోని పోలీసు స్టేషనుకో అధీకృత అధికారికో తెలపాలి.

పంటకు అదే సెక్షన్లో వేరే దారి ఉంది. పొలంలో నిలిచిన పంటకు జంతువు ప్రమాదంగా మారిందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలకు పై అధికారి)గానీ ఆయన అధికారమిచ్చిన అధికారిగానీ నమ్మితే, కారణాలు రాసి, ఫలానా చోట ఫలానా జంతువును చంపడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అడగాలంటే సర్వే నంబరు, పంట, పోయిన విస్తీర్ణం, తేదీతో ఉన్న ఫొటోలు, పంచాయతీ ధ్రువీకరణతో రేంజి ఆఫీసులో అర్జీ పెట్టండి. ఫొటో తీసేటప్పుడు గిట్టల ముద్రల పక్కన స్కేలో అగ్గిపెట్టో పెట్టండి. ఊరపందులు మేసిన చేనుకు అడవిపంది పేరు పెట్టారన్న అనుమానం అక్కడే తీరిపోతుంది.

అర్జీ తేలేలోపు పంట నిలవాలంటే సోలార్ కంచె. పంది కంచెలో అందరూ చేసే పొరపాటు కింది తీగను అడుగున్నర ఎత్తులో కట్టడం. పంది ఎక్కువగా దూకదు, ముట్టెతో కింద నుంచి దూరుతుంది. మొదటి తీగ నేల నుంచి 6 నుంచి 8 అంగుళాల్లో, రెండోది అడుగు దాటి, మూడోది రెండడుగుల పైన ఉండాలి. గడ్డి తీగకు తగిలితే కరెంటు అందులోంచే నేలలోకి పోతుంది, కాబట్టి వానాకాలంలో పది రోజులకోసారి కంచె కింద గడ్డి కోయాలి. ఎర్త్ రాడ్లు కనీసం మూడు, ఒకదానికొకటి మూడు మీటర్ల ఎడంలో దించాలి. మన గరుగు నేలలు ఎండాకాలంలో కరెంటును సరిగా పట్టవు, అందుకే రాడ్ల మొదట్లో నీళ్ళు పోస్తుండాలి. ‘కంచె పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కంచెకు కరెంటు పంపే పెట్టెలో ఉండదు, ఎండిపోయిన ఎర్త్‌లో ఉంటుంది.

“లైసెన్సు తుపాకి, గైడు ఉంటే చాలు”

తుపాకి లైసెన్సు తుపాకి దగ్గర పెట్టుకోవడానికి. జంతువును చంపడానికి అది అనుమతి కాదు. పంట రక్షణకు ఇచ్చే లైసెన్సు ఆ పొలానికే పరిమితం, దాన్ని పట్టుకుని అడవికి పోతే ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. గైడు చేతిలో ఉన్నది నాటు తుపాకి అయితే చెప్పే పనే లేదు.

ఇక చోటు సంగతి. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, పలమనేరు-కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం రెండూ రక్షిత ప్రాంతాలు. పర్యాటకానికో ఫొటోలకో పర్మిట్ దొరుకుతుంది. ఆయుధంతో అడుగు పెట్టాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి, సరదా వేటకు దాన్ని ఎవరూ ఇవ్వరు. వాటి బయట ఉన్న రిజర్వు ఫారెస్టుకు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఉంది. శిక్షలో తేడా కూడా చోటును బట్టే. మామూలుగా అయితే మూడేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ. పార్కులోనో అభయారణ్యంలోనో వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. ఎక్కి వెళ్ళిన వాహనాన్ని కూడా స్వాధీనం చేసుకుంటారు. ‘హద్దు బయటే ఉన్నాం’ అనే గైడుకు రాత్రిపూట హద్దురాయి ఎక్కడుందో నిజంగా తెలుసా?

ఇంకొకటి, శేషాచలంలో ఎర్రచందనం దొంగల కోసం రాత్రులు గాలింపు జరుగుతూనే ఉంటుంది. చీకట్లో తుపాకులు పట్టుకుని నడిచే గుంపును ముందు ఎవరనుకుంటారో ఊహించుకోండి.

“ఉచ్చు, తీగ వేట కాదు”

చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలోనే చంపడంతోపాటు విషం పెట్టడం, పట్టడం, ఉచ్చు వేయడం, తోలడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా ఉన్నాయి. ఉచ్చుకు పందే పడాలని లేదు, చిరుత పడితే కేసు అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలుకు ఎక్కుతుంది.

లైన్ మీద కొక్కెం వేసి 230 వోల్టుల తీగ లాగడం వీటన్నిటిలోకి ఘోరం. సోలార్ కంచెలో సెకనుకు ఒకసారి రెప్పపాటు కూడా లేని తాకిడి ఉంటుంది, తగిలినవాడు వెనక్కి లాక్కోగలడు. లైను కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుని చెయ్యి వదలదు. చస్తున్నది ఎక్కువగా తెల్లవారుజామున మోటారు వేయడానికి పోయే పక్క చేను రైతు. కౌండిన్య చుట్టుపక్కల ఏనుగులు కూడా ఇలాగే చచ్చాయి. విద్యుత్ చౌర్యం, మనిషి పోతే నేరపూరిత నరహత్య, రెండూ మెడకు చుట్టుకుంటాయి. పందికి ఎరగా పెట్టే నాటుబాంబు గురించి ఒక్క ముక్క: దాన్ని కొరికేది పందే అయి ఉండాలని లేదు, మేతకు పోయిన ఊరి ఆవు కూడా కొరుకుతుంది.

“మాంసం కొన్నవాడికి కేసు లేదు”

ఉంది. వేటాడిన జంతువు మాంసం ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా కొనడం, ఉంచుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం అన్నీ నేరాలే. 57వ సెక్షన్ ప్రకారం అలాంటి మాంసం మీ దగ్గర దొరికితే అది అక్రమమనే ముందు అనుకుంటారు, కాదని రుజువు చేసుకునే భారం మీది. ‘పెళ్ళిలో పెట్టారు, తిన్నాను’ అన్నది వాదనే గానీ రుజువు కాదు.

‘అడవి మాంసం ఒంటికి మంచిది’ అనే మాటా అంతే. అడవిపందిలో ట్రైకినెల్లా పురుగులు ఉండొచ్చు. అడవి జంతువుల్లోని కొన్ని రకాలు ఫ్రీజర్లో పెట్టినా చావవు, మాంసం లోపల 71 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాల్సిందే. నిప్పుల మీద పైపైన కాల్చిన ముక్కకు ఆ వేడి అందదు.

“అమెరికాలో లైసెన్సు అడగరు”

టెక్సస్ వరకు ఇది సగం నిజం. మన వాళ్ళకు ఎక్కువ నష్టం చేసేది ఈ సగమే, కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడదాం.

2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో ఊరపంది జాతి అడవిపందులను వేటాడటానికి వేట లైసెన్సు అక్కర్లేదు. కానీ ఇది రాష్ట్రం మాట. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే టూరిస్టు వీసా మీద కొడుకు దగ్గరికి పోయిన తల్లిదండ్రులు, ఎఫ్1 విద్యార్థులు, హెచ్1బీ ఉద్యోగులు, తుపాకి గానీ తూటా గానీ చేతిలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అంటే పందికి అక్కర్లేని లైసెన్సు తుపాకి పట్టుకోవడానికి మీకు కావాలి. గైడు అడగకపోవచ్చు. ఆ లైసెన్సు లేకుండా రైఫిల్ అందుకుంటే శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండొచ్చు, వీసా సంగతి చెప్పనక్కర్లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు.

టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. జూలైలో కొన్నది సెప్టెంబరు ట్రిప్పుకు పనికిరాదు. బయటివాళ్ళకు ఇచ్చే ఐదు రోజుల లైసెన్సుతో వైట్‌టెయిల్ దుప్పిని కొట్టకూడదు, దానికి పూర్తి లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట శిక్షణ కోర్సు చేసి ఉండాలి. 17 ఏళ్ళు నిండినవాళ్ళకు ఒక్కసారి వాయిదా దొరుకుతుంది, అయితే కోర్సు చేసిన లైసెన్సుదారు మాట వినపడేంత దగ్గర్లో వెంట ఉండాలి.

అక్కడ ఆక్సిస్ అనే దుప్పి మన శేషాచలం చుక్కల దుప్పే. 1930ల్లో తీసుకెళ్ళి వదిలితే పెరిగిపోయింది. అది అక్కడి జంతువు కాదు కాబట్టి దానికి వేట కాలం లేదు, లైసెన్సు ఉంటే ఏడాది పొడవునా కొట్టొచ్చు. ఆ వీడియోలు చూసి ‘దుప్పి కూడా ఓకే’ అని మెసేజ్‌లో చేర్చినట్టున్నారు. జంతువు అదే, నేల వేరు.

టెక్సస్ వేటకు పోయేవాళ్ళ తయారీలో ముఖ్యమైనది గురి. దుప్పికి భుజం వెనక కొట్టమని నేర్పుతారు. పందికి గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకు, ఇంకా కిందికి ఉంటాయి. పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి గీత పట్టుకుని, పొట్ట అంచు నుంచి ఒంట్లో మూడో వంతు ఎత్తులో గురి పెట్టాలి. దుప్పి అలవాటుతో వెనక కొడితే తూటా పేగుల్లోకి పోతుంది. కొవ్వు గాయాన్ని మూసేయడంతో నెత్తురు జాడ కూడా సరిగా దొరకదు. క్యాంపు రైఫిలైతే మొదటి రోజే వంద గజాల్లో మూడు తూటాలు, బల్ల మీద ఆనించి కాదు, రాత్రి వాడబోయే కర్రల స్టాండు మీద ఆనించి కాల్చి చూడండి. ఆరంగుళాల పళ్ళెంలో మూడూ పడకపోతే దూరం తగ్గించమని గైడుకు చెప్పండి, సిగ్గుపడాల్సిన పని లేదు. చెవులకు రక్షణ తప్పనిసరి. బూట్లు కొత్తవి వద్దు, నెల ముందు నుంచే వేసుకుని నడవండి.

పందికి చూపు తక్కువ, ముక్కు మహా చురుకు. గాలి మీ వైపు నుంచి దాని వైపు పోతుంటే ఎంత కదలకుండా కూర్చున్నా లాభం లేదు. కొబ్బరినూనె, అగరొత్తుల బట్టలు, కొండ మీద గుండు చేయించుకుని పూసుకున్న గంధం ఆ వారానికి వాయిదా వేయండి. కోసేటప్పుడు మోచేతి దాకా గ్లవుజులు వేసుకోవాలి. అక్కడి పందుల్లో బ్రూసెల్లా అనే బాక్టీరియా ఉంటుంది, చేతి మీద చిన్న గాయం చాలు జ్వరం నెలల తరబడి వదలకపోవడానికి.

తిరుగు ప్రయాణానికి ముందు వేటకు వాడిన జాకెట్టు, బ్యాగు జేబులన్నీ తిరగేసి దులపండి. మరిచిపోయిన ఒక్క తూటా చెన్నై ఎయిర్‌పోర్టు స్కానర్లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు. ఆక్సిస్ కొమ్ములు అక్కడ బిల్లు పెట్టి కొన్నా ఇంటికి తేవొద్దు. చిత్తూరులో మీ హాలు గోడకు తగిలించాక అవి చుక్కల దుప్పి కొమ్ములే.