మిల్లీగ్రాముల్లో చాలేది గ్రాముల్లో మింగుతున్నాం

500 మిల్లీగ్రాముల నియాసిన్ మాత్రల సీసా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వచ్చేస్తోంది. కొలెస్ట్రాల్ దిగుతుందని కొందరు, వయసు మీద పడదని ఇంకొందరు డాక్టరును అడక్కుండానే వాడేస్తున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫార్సుల ప్రకారం, కూర్చుని పనిచేసే మగవారికి రోజుకు 14, ఆడవారికి 11 మిల్లీగ్రాములు చాలు. అంటే ఆ ఒక్క మాత్రలో నెల రోజులకు పైగా సరిపడే విటమిన్ ఉంది. మరోవైపు, నిజంగా లోటు ఉన్నవాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. మన ఇళ్లలో నియాసిన్ గురించి మాట్లాడాల్సింది వంటింట్లో, ఆ తర్వాత రోగి మంచం దగ్గర. మందుల సీసా దగ్గర కాదు.

నియాసిన్ అంటే బి3 విటమిన్. తిన్న అన్నాన్ని శక్తిగా మార్చే పనిలో ప్రతి కణానికీ ఇది కావాలి. దీన్ని ఒంట్లో పెద్దగా దాచుకోలేం, రోజూ తిండిలోంచి రావాల్సిందే.

ముందు బియ్యం సంగతి. ముడి బియ్యంలో 100 గ్రాములకు 3 మిల్లీగ్రాములకు పైగా నియాసిన్ ఉంటే, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో రెండుకు లోపే మిగులుతుంది. పోయినదంతా తవుడులోకి పోయింది. ఉన్న కాస్తా కూడా మన చేతులతో మనమే పారబోస్తాం. గిన్నెలో బియ్యం పోసి నలిపి కడిగితే నీళ్లు పాలలా తెల్లబడతాయి కదా, ఆ తెలుపుతో పాటు బి విటమిన్లూ జారిపోతాయి. నీళ్లు తేటపడేదాకా నాలుగైదుసార్లు కడిగి, ఆపైన గంజి వార్చితే నష్టం రెట్టింపు. నియాసిన్ వేడికి చెక్కుచెదరదు, కానీ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. కాబట్టి నలపకుండా రెండుసార్లు కడిగితే చాలు. గ్లాసు బియ్యానికి రెండు, రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, అవి ఇగిరేలా వండాలి. వార్చక తప్పకపోతే ఆ గంజిని చారులోనో మజ్జిగలోనో కలుపుకోవాలి.

చెన్నైలో ఉంటున్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఇక్కడ ఏ కిరాణా కొట్టులోనైనా ఉప్పుడు బియ్యం దొరుకుతుంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆ తర్వాతే మర ఆడిస్తారు. ఆవిరికి పైపొరల్లోని విటమిన్లు గింజ లోపలికి దిగుతాయి, అందుకే పాలిష్ పట్టినా పచ్చి బియ్యంలో కంటే ఎక్కువే మిగులుతాయి. కానీ ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలావరకు దాన్ని ఇడ్లీ పిండికే పరిమితం చేసి, అన్నానికి సోనా మసూరీనే వాడతారు. వారానికి రెండు మూడు పూటలైనా ఉప్పుడు బియ్యం అన్నం అలవాటు చేసుకుంటే మంచిదని మా అభిప్రాయం.

అన్నం ఒక్కటే లెక్క కాదు. పప్పు, గుడ్లు, పాలలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం నియాసిన్ తయారు చేసుకుంటుంది, సుమారు 60 మిల్లీగ్రాములకు 1 మిల్లీగ్రాము చొప్పున. ఇక నేరుగా ఇచ్చేవాటిలో వేరుశనగది పెద్ద పీట. 100 గ్రాములకు దాదాపు 12 మిల్లీగ్రాములు, గుప్పెడు పల్లీలకు మూడున్నర దాకా. కొబ్బరిలో అర మిల్లీగ్రాము ఉంటే గొప్ప. దోసెలోకి కొబ్బరి చట్నీ బదులు మన పల్లీ చట్నీ చేసుకోవడం ఈ లెక్కన చాలా తెలివైన పని. మాంసాహారులకు కోడిమాంసం, చేపలు ఉండనే ఉన్నాయి. ఫిల్టర్ కాఫీ కూడా ఓ చెయ్యి వేస్తుంది. గింజలు వేయించేటప్పుడు వాటిలోని ట్రైగోనెలిన్ అనే పదార్థం కొంత నియాసిన్‌గా మారుతుంది. పొడిలో చికోరీ వాటా పెరిగేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది.

తిండిలో ఉన్నంత మాత్రాన ఒంటికి పట్టాలని లేదు. మొక్కజొన్నలో నియాసిన్ బంధించినట్టు ఉంటుంది. మెక్సికో ప్రజలు సున్నపు నీళ్లలో ఉడికించి దాన్ని విడిపించేవారు. ఆ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న మీదే బతికిన ఐరోపా, అమెరికా పేదలు నియాసిన్ లోటుతో వచ్చే పెల్లాగ్రా అనే జబ్బుకు బలయ్యారు. దక్కనులో జొన్న మీదే బతికేవారిలోనూ ఆ జబ్బు కనిపించింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దీనికి కారణం కావచ్చని హైదరాబాదులో పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం 1960లో ప్రతిపాదించింది. తర్వాత దాని మీద చాలా వాదం నడిచింది. అసలు పెల్లాగ్రాకు మందేమిటో తేటపడింది అంతకు చాలా ముందే, 1937లో అమెరికా శాస్త్రవేత్త కాన్రాడ్ ఎల్వెజెమ్ కుక్కల్లో పెల్లాగ్రా లాంటి నల్ల నాలుక జబ్బును నికోటినిక్ ఆమ్లంతో (నియాసిన్ రూపమే) నయం చేశాక.

ఇక పెద్ద మోతాదులు. నికోటినిక్ ఆమ్లం వేసుకున్న అరగంటలోపే ముఖం, చెవులు, మెడ ఎర్రబడి మంట పుడుతుంది, దురద పెడుతుంది. ఇది ఒళ్లు శుభ్రపడటం కాదు, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై రక్తనాళాలు విప్పారడం. ఈ బాధ లేకుండా నెమ్మదిగా కరిగే మాత్రలు తీసుకుంటే కాలేయం దెబ్బతినే ముప్పు ఎక్కువ. రోజుకు ఒకటి రెండు గ్రాములు వాడితే చెడు కొలెస్ట్రాల్ అంకె తగ్గే మాట నిజమే. కానీ స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు వాడుతున్న 25,000 మందికి పైగా రోగుల మీద జరిపి 2014లో ఫలితాలు వెల్లడించిన పరీక్షలో, ఒళ్లు ఎర్రబడటాన్ని తగ్గించే లారోపిప్రాంట్ మందుతో కలిపి నియాసిన్ ఇచ్చినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పైగా మధుమేహం, ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం పెరిగాయి. షుగర్, గౌట్ ఉన్నవాళ్లు సొంతంగా ఈ మాత్ర జోలికి పోకూడదు.

ఎవరికి లోటు? మద్యం మీద పడి అన్నం మానేసినవాళ్లకు. చారన్నం, మజ్జిగన్నంతో రోజులు గడిపే ఒంటరి వృద్ధులకు. ఐసోనియాజిడ్ వాడే క్షయ రోగులకు. ఆ మందు బి6ను హరిస్తుంది, బి6 లేకపోతే ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారదు. ఎండ తగిలే చేతులు, పాదాల మీద రెండు పక్కలా ఒకేలా చర్మం నల్లబడి పొలుసులు లేవడం, మెడ చుట్టూ పట్టెడలా మచ్చ, ఎర్రబారి మండే నాలుక, విరేచనాలు, మతి తప్పడం పెల్లాగ్రా గుర్తులు. చెన్నై ఎండలో చర్మం మచ్చను ఎండ దెబ్బ అనుకుని క్రీము రాసి వదిలేయడం తేలిక. వైద్యం మాత్రం చవక. డాక్టరు పర్యవేక్షణలో నియాసిన్ మరో రూపమైన నికోటినమైడ్‌ను రోజుకు 300 మిల్లీగ్రాముల చొప్పున విడతలుగా మూడు నాలుగు వారాలు ఇస్తారు, వెంట బి కాంప్లెక్స్ కూడా. నాలుక మంట, విరేచనాలు కొద్ది రోజుల్లోనే సర్దుకుంటాయి, చర్మానికి వారాలు పడుతుంది. క్షయ మందులు వాడుతున్నవారిలో ఇలాంటి మచ్చ కనిపిస్తే మందు ఆపకుండా, వెంటనే అదే ఆసుపత్రిలో చూపించాలి.